నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? వ్యాపారం, దాని రకాలపై ఒక పరిచయ ప్రసంగం

(మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చివరి సంవత్సరం వాణిజ్యశాస్త్ర విద్యార్థుల కోసం ఏర్పాటైన సభలో ఒక విశ్రాంత అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

వేదిక మీది పెద్దలకు, సహ అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

మీ పాఠ్యపుస్తకంలో వ్యాపార సంస్థల రకాలు అనే అధ్యాయం ఉంది. ముప్పై ఏళ్లకు పైగా నేను ఆ అధ్యాయాన్ని బోధించాను. సొంత వ్యాపారం, భాగస్వామ్యం, సహకార సంఘం, కంపెనీ అని వరుసగా చెప్పి, ఒక్కొక్కదానికి ప్రయోజనాలు, పరిమితులు నల్లబల్ల మీద రాసి, విద్యార్థుల చేత రాయించాను. వారు బాగానే రాశారు, మార్కులూ తెచ్చుకున్నారు. వారిలో కొందరు తర్వాత వ్యాపారాల్లోకి దిగారు. దిగే ముందు నన్ను కలిసినవారిలో దాదాపు అందరూ అడిగింది ఒక్కటే: "సార్, లోన్ ఎట్లా వస్తది?" నష్టం వస్తే అది ఎవరి నెత్తిన పడుతుందని అడిగినవారు చాలా తక్కువ. ఆ అధ్యాయమంతా నిజానికి ఆ ఒక్క ప్రశ్నకు జవాబేనని నేను తరగతిలో గట్టిగా చెప్పి ఉండవలసింది. ఈ రోజు మీకు ఆ మాటే చెప్పడానికి వచ్చాను.

ముందుగా వ్యవస్థాపకుడు అంటే ఎవరో చూద్దాం. పాత పుస్తకాలు ఉద్యమదారు అంటాయి, పత్రికలు ఔత్సాహిక పారిశ్రామికవేత్త అంటాయి. పేరేదైనా మనిషి ఒక్కడే. ఈ మనిషిని అర్థశాస్త్రంలోకి మొదట తెచ్చినవారిలో రిచర్డ్ కాంటిలాన్ ఒకడు. ఐర్లండులో పుట్టి ఫ్రాన్సులో వ్యాపారం చేసిన వాడు. ఆయన రాసింది ఆయన పోయిన తర్వాత, 1755లో అచ్చయింది. ఆయన చెప్పిన లక్షణం చాలా సూటిగా ఉంటుంది: తెలిసిన ధరకు కొని, తెలియని ధరకు అమ్మేవాడు వ్యవస్థాపకుడు. అందుకే ఆయన లెక్కలో దుకాణదారుతో పాటు కౌలు రైతు కూడా వ్యవస్థాపకుడే, ఎందుకంటే భూమి యజమానికి ఇవ్వవలసిన కౌలు ముందే ఖాయమై ఉంటుంది, పండే పంటా దానికి పలికే ధరా ఖాయం కావు.

ఈ మాటను ఒకసారి మన జిల్లాలకు తెచ్చి చూడండి. వానాకాలంలో ఎకరానికి ఇంత కౌలని మాట ఇచ్చి చెలకలో పత్తి గింజ నాటే మనిషిని మనం ఎన్నడూ వ్యాపారి అనలేదు. నల్లగొండ వైపు బత్తాయి తోట ఉన్న రైతు, కాయ ఇంకా చెట్టు మీద ఉండగానే తోటను గుత్తకు ఇచ్చేస్తే, ఆ క్షణంలో అనిశ్చితి రైతు భుజం మీది నుంచి గుత్తదారు భుజం మీదికి మారుతుంది. రైతుకు కొంత తక్కువ వస్తుంది, కానీ వచ్చేదెంతో తెలిసిపోతుంది. గుత్తదారుకు రేపు ఢిల్లీ మార్కెట్ ధర ఎలా ఉంటుందో తెలియదు, రాళ్లవాన పడుతుందో లేదో తెలియదు. ఆ తెలియనితనాన్ని మోసినందుకే అతనికి లాభం. మోయలేకపోతే నష్టం. వ్యాపారమంటే కొనడం, అమ్మడం అని మనం అనుకుంటాం గానీ, దాని అడుగున జరుగుతున్నది ఈ బరువు చేతులు మారడమే.

ఆస్ట్రియా అర్థశాస్త్రవేత్త జోసెఫ్ షుంపీటర్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దీనికి ఇంకొక మాట చేర్చాడు. కొత్త వస్తువును, కొత్త పద్ధతిని, కొత్త మార్కెట్‌ను, ముడిసరుకుకు కొత్త మూలాన్ని, లేదా పనిని కొత్తగా ఏర్పాటు చేసే తీరును తెచ్చినవాడినే ఆయన వ్యవస్థాపకుడు అన్నాడు. కొత్త పద్ధతికి ఉదాహరణ వెతుక్కుంటూ మనం దూరం పోనక్కరలేదు. పాత నల్లగొండ జిల్లా, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారి సంగతి మీలో చాలామందికి తెలుసు. పోచంపల్లి పద్ధతి చీరకు నేత కంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో నాటిన మేకుల చుట్టూ నూలు పోగును చేత్తో తిప్పుతూ ఒక్క చీరకే వేలసార్లు చెయ్యి చాపి వెనక్కు తీసుకోవాలి. ఆ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లది. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక మల్లేశం గారు ఏళ్ల తరబడి ప్రయత్నించి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేసి, దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం ఆడుతుందో లేదో తెలియని ఆ ఏళ్లన్నీ ఖర్చు మాత్రం ఖాయంగా అవుతూనే ఉంటుంది కదా, కాంటిలాన్ చెప్పిన లక్షణం అక్కడా కనిపిస్తుంది.

ఇక వ్యాపార రకాల దగ్గరకు వద్దాం. చేసే పనిని బట్టి చూస్తే మూడని చెబుతారు: వస్తువు తయారుచేసేది ఉత్పత్తి, కొని అమ్మేది వర్తకం, పని చేసిపెట్టి రుసుము తీసుకునేది సేవ. పరీక్షకు ఇది చాలు. జీవితానికి చాలదు, ఎందుకంటే ఒకే యంత్రం, ఒకే షెడ్డు, ఒకే మనుషులు ఉదయం ఒక రకం వ్యాపారం, మధ్యాహ్నం ఇంకొక రకం వ్యాపారం చేయగలరు.

మిర్యాలగూడను తీసుకోండి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఆ ఆయకట్టులో వరి పెరిగింది, వరి వెంట రైస్ మిల్లులు వరుస కట్టాయి. ఒక మిల్లు యజమాని కోతల కాలంలో సొంత డబ్బుతోనో బ్యాంకు అప్పుతోనో వడ్లు కొని, మర పట్టి, సన్న బియ్యంగా బస్తాల్లో నింపి అమ్ముకుంటే అది ఉత్పత్తి వ్యాపారం. వడ్లు కొన్న ధర తెలుసు. మూడు నెలల తర్వాత బియ్యం ధర తెలియదు. అప్పటిదాకా అప్పుకు వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అదే మిల్లులోకి ప్రభుత్వం సేకరించిన వడ్లు కస్టమ్ మిల్లింగ్ కింద వస్తే కథ మారుతుంది. వడ్లు ప్రభుత్వానివి. నూరు కిలోల వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు లెక్క ప్రకారం అప్పగించాలి. మర పట్టినందుకు నిర్ణీత ఛార్జీ ముడుతుంది. ఇప్పుడతను స్వభావరీత్యా సేవ చేస్తున్నాడు. బియ్యం ధర పడినా లేచినా అతనికి సంబంధం లేదు. అయితే వేరే బరువు నెత్తికెక్కింది: ఎండలకు గింజ విరిగి నూక ఎక్కువైనా సరే, అతను ఆ 67 కిలోలు ఇచ్చి తీరాలి. మిల్లు బోర్డు మీద పేరు మారలేదు, మోటారు మారలేదు, హమాలీలు మారలేదు. మోసే అనిశ్చితి మాత్రం పూర్తిగా మారిపోయింది.

మగ్గం దగ్గర కూడా ఇదే చూడవచ్చు. పోచంపల్లిలోనో పుట్టపాకలోనో ఒక నేతగాడు మాస్టర్ వీవర్, అంటే నేతగాళ్లకు పని అప్పగించే వ్యాపారి, ఇచ్చిన నూలు, అతనిచ్చిన డిజైను తీసుకుని నేసి ఇస్తే అతనికి కూలి వస్తుంది. చీర అమ్ముడుపోయినా పోకపోయినా ఆ కూలి అతనిదే. పక్కింటి నేతగాడు సొంతంగా నూలు కొని, చిటికి కట్టి (రంగు అంటకూడని చోట పోగులను బిగించి కట్టి), రంగులద్ది, నేసి, చీర సంకలో పెట్టుకుని హైదరాబాదు దుకాణాల మెట్లెక్కితే, మిగిలేది ఎక్కువ కావచ్చు, అసలు మిగలకనూ పోవచ్చు. ఇద్దరి చేతి పనితనంలో తేడా లేదు. మొదటివాడు కూలికి నేస్తున్నాడు, రెండవవాడు వ్యాపారం చేస్తున్నాడు. ఎవరు తెలివైనవారని నన్ను అడగకండి. పిల్లల ఫీజులు కట్టవలసిన నెలలో మొదటి దారే క్షేమం కావచ్చు. కానీ తాను ఏ దారిలో ఉన్నాడో ఇద్దరికీ తెలిసి ఉండాలి.

వర్తకంలో ఉన్న చిక్కు వేరు. అక్కడ వస్తువు పాడవడం కంటే ఉద్దెర, అంటే అరువు, పాడు చేసేది ఎక్కువ. ఊళ్లో కిరాణం పెట్టిన మనిషి నూటికి పది రూపాయలు మిగులుతుందనుకుంటే, వంద రూపాయల సరుకు ఉద్దెర పోయి తిరిగి రాకపోతే, ఆ తొంభై రూపాయల అసలు రాబట్టుకోవడానికి ఇంకొక తొమ్మిది వందల రూపాయల సరుకు అమ్మాలి. ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసినవాడు ఉద్దెర పుస్తకాన్ని తేలిగ్గా తీసుకోడు.

సేవల వ్యాపారం పెట్టుబడి తక్కువని మీ వయసువారు ఎక్కువగా మొగ్గు చూపుతారు. ఒక టిఫిన్ సెంటర్‌నే చూద్దాం; తయారీ, సేవ రెండూ కలిసిన వ్యాపారమిది. అంకెలు నేను అనుకున్నవి, మీ వీధి అంకెలు మీరు వేసుకోండి. ప్లేటు ఇడ్లీ 30 రూపాయలు. పప్పు, రవ్వ, పల్లీల చట్నీ, గ్యాసు కలిపి ప్లేటుకు 14 రూపాయలు పోతే 16 మిగిలింది. నెలకు షట్టర్ అద్దె 8,000, సహాయకుడి జీతం 12,000, కరెంటు, నీళ్లు 2,000, అప్పు కిస్తీ 2,000. మొత్తం 24,000. దాన్ని 16తో భాగిస్తే 1,500 ప్లేట్లు. నెలకు 25 రోజులు తెరిస్తే రోజుకు 60 ప్లేట్లు అమ్మిన తర్వాతే లాభనష్టాలు సమానమవుతాయి. చాలామంది ఇక్కడ ఆగి, 70 ప్లేట్లు పోతున్నాయి కనుక లాభంలో ఉన్నామనుకుంటారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి కలిపిన మీకు జీతమేది? మీ శ్రమకు నెలకు 15,000 వేసుకుంటే లెక్క రోజుకు దాదాపు 98 ప్లేట్లకు చేరుతుంది. 70 ప్లేట్లు అమ్మేవాడు ఇల్లు నడుపుకోవడానికి అప్పు చేస్తూ, ఆ అప్పు ఎక్కడి నుంచి పుట్టిందో అర్థంకాక అవస్థ పడతాడు.

ఇప్పుడు అసలు అధ్యాయానికి వస్తాను. ఈ బల్ల మీద ఎర్ర గుడ్డ అట్ట వేసిన ఒక ఖాతా పుస్తకం పెట్టాను. ఇది మా నాన్నగారిది. 1980ల చివర జడ్చర్ల దగ్గరి మా ఊళ్లో ఆయన, ఆయన మిత్రుడు ఒకాయన కలిసి పల్లి నూనె గిర్ని పెట్టారు. పాలమూరు పల్లీకాయకు అప్పటికే పేరుంది, బాదేపల్లి మార్కెట్ దగ్గరే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. కాగితం రాసుకోలేదు. రాసుకుందామని మా అమ్మ అంటే, "బావ మీద నమ్మకం లేదా?" అని నాన్నగారు నొచ్చుకున్నారు.

గిర్ని నాలుగేళ్లు బాగానే ఆడింది. తర్వాత రెండు దెబ్బలు ఒకదాని వెంట ఒకటి తగిలాయి. పల్లి చెక్క, అంటే నూనె తీయగా మిగిలిన పిప్పి, ఉద్దెరకు తీసుకున్న ఒక వ్యాపారి బాకీ ఎగవేశాడు. నాన్నగారు వకీలు దగ్గరకు పోతే, మీ భాగస్వామ్యం రిజిస్టరు కాలేదు కనుక సంస్థ తరఫున ఆ వ్యాపారి మీద దావా నిలవదని చెప్పాడు. 1932 భాగస్వామ్య చట్టంలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ 69వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు కాని సంస్థ ఒప్పందం మీది హక్కు కోసం బయటివారి మీద కోర్టుకు పోలేదు. తప్పనిసరి కాదన్న మాట మాత్రమే అందరికీ గుర్తుంటుంది. ముందుగా మేల్కొని రిజిస్టరు చేయించి ఉంటే దారి ఉండేది. అది చెప్పేవారు మాకు లేకపోయారు.

రెండవ దెబ్బ ఇంకా పెద్దది. పల్లీలు కొనడానికని భాగస్వామి గిర్ని పేరున అప్పు తెచ్చి, సొంతానికి వాడుకున్నాడు. ఆ సంగతి నాన్నగారికి అప్పులవాళ్లు గుమ్మంలో నిలబడ్డాకనే తెలిసింది. భాగస్వామ్యంలో ప్రతి భాగస్వామి మిగతావారికి ప్రతినిధి. వ్యాపారం కోసమని అతడు చేసిన పనికి సంస్థ కట్టుబడుతుంది. 25వ సెక్షన్ ప్రకారం ఆ బాధ్యత అందరిదీ ఉమ్మడిగానూ, ఎవరికి వారిదిగానూ ఉంటుంది. అంటే అప్పిచ్చినవాడు మొత్తం బాకీని ఒక్కరి దగ్గరే రాబట్టుకోవచ్చు. భాగస్వామి దగ్గర ఏమీ మిగల్లేదు, మాకు మూడెకరాల చెలక మిగిలి ఉంది. ఆ చెలక పోయింది. దీన్నే మన పుస్తకం అపరిమిత ఋణబాధ్యత అని రెండు మాటల్లో చెబుతుంది. నేను ఆ రెండు మాటలను నల్లబల్ల మీద రాసిన ప్రతిసారీ ఆ చెలక గట్టు మీది వేపచెట్టు నాకు కనిపించేది.

అందుచేత భాగస్వామ్యం చెడ్డదని నేననను. పెట్టుబడి ఒకరిది, పనితనం ఒకరిది అయినప్పుడు అంత సులువైన ఏర్పాటు మరొకటి లేదు. ఒప్పందం రాతలో ఉండాలి, రిజిస్టరు కావాలి, అప్పు తేవడానికి ఇద్దరి సంతకం కావాలని బ్యాంకుకు రాసివ్వాలి. నమ్మకం ఉన్నప్పుడే కాగితం రాసుకోవడం తేలిక.

సొంత వ్యాపారంలోనూ ఋణబాధ్యత అపరిమితమే. వ్యాపారం వేరు, మీరు వేరు అని చట్టం చూడదు. అయితే అక్కడ మీరు చేసిన అప్పుకే మీరు బాధ్యులు, ఇంకొకరి అప్పుకు కాదు. చిన్నగా మొదలుపెట్టేవారికి ఇదే సహజమైన రూపం.

భాగస్వామ్యపు సౌలభ్యం ఉండి, ఒకరి తప్పుకు ఇంకొకరి ఇల్లు పోకుండా ఉండేందుకు 2008లో పరిమిత ఋణబాధ్యత గల భాగస్వామ్య చట్టం వచ్చింది. వాడుకలో ఎల్‌ఎల్‌పీ అంటారు. కనీసం ఇద్దరుండాలి. వార్షిక టర్నోవరు, అంటే ఏడాది అమ్మకాల మొత్తం, 40 లక్షలు గానీ, భాగస్వాముల పెట్టుబడి 25 లక్షలు గానీ దాటనంత వరకు ఆ చట్టం కింద ఆడిట్ తప్పనిసరి కాదు. నా దృష్టిలో, మీలో ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి ఏదైనా పెట్టాలనుకుంటే ముందుగా పరిశీలించవలసింది దీన్నే. మా నాన్నగారి కాలంలో ఇది లేదు.

కంపెనీ అయితే చట్టం దృష్టిలో వేరే మనిషి. 2013 కంపెనీల చట్టం కింద ప్రైవేటు కంపెనీకి ఇద్దరు చాలు, సభ్యులు రెండు వందలకు మించకూడదు. పబ్లిక్ కంపెనీకి కనీసం ఏడుగురు కావాలి. ఒక్కరే ఉన్నా ఏకవ్యక్తి కంపెనీ పెట్టుకోవచ్చు. వాటా సొమ్ము వరకే మీ బాధ్యత. కానీ ఏటా ఆడిట్, నివేదికలు, రుసుములు తప్పవు. ఇంకొక ముఖ్య విషయాన్ని పుస్తకాలు నొక్కి చెప్పవు: కొత్తగా పుట్టిన చిన్న కంపెనీకి అప్పిచ్చేటప్పుడు బ్యాంకు సాధారణంగా డైరెక్టర్ల వ్యక్తిగత హామీ అడుగుతుంది. ఆ హామీ పత్రం మీద సంతకం పెట్టినంత మేరకు, పరిమిత బాధ్యత అనే గోడలో మీరే తలుపు తెరిచినట్టు. సంతకం పెట్టవద్దని చెప్పలేను, పెట్టకుంటే అప్పు రాకపోవచ్చు. చదివి పెట్టండి.

సహకార సంఘం గురించి మన ప్రాంతంలో ఎవరికీ పరిచయం అక్కరలేదు. పాల కేంద్రం, చేనేత సంఘం, ఊరి పరపతి సంఘం అందరం చూసినవే. వాటాలు ఎన్ని ఉన్నా మనిషికి ఒకే ఓటు. సభ్యులు సమావేశాలకు వచ్చి లెక్క అడిగిన చోట సంఘం నిలుస్తుంది; 1956లో మొదలైన ముల్కనూరు రైతుల సహకార సంఘం అందుకు తెలంగాణలోనే ఉన్న సాక్ష్యం. సభ్యులు రావడం మానేసిన చోట బోర్డు మాత్రం మిగులుతుంది. సహకార స్ఫూర్తిని, కంపెనీ క్రమశిక్షణను కలిపి కంపెనీల చట్టానికి 2002లో చేసిన సవరణతో ఉత్పత్తిదారుల కంపెనీ అనే రూపం వచ్చింది. పదిమంది రైతులో, పదిమంది నేతన్నలో కలిస్తే చాలు. పల్లీ రైతులు కలిసి తామే నూనె ఆడించుకోవాలంటే ఈ రూపం చక్కగా సరిపోతుంది.

డబ్బు విషయం అడుగుతారని తెలుసు, క్లుప్తంగా చెబుతాను. 2015లో మొదలైన ముద్ర పథకంలో ఆస్తి తాకట్టు లేకుండా శిశు కింద 50 వేలు, కిశోర్ కింద 5 లక్షలు, తరుణ్ కింద 10 లక్షల వరకు ఇస్తారు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమంలో గ్రామీణ ప్రాంతపు సాధారణ వర్గాలకు 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ తదితరులకు 35 శాతం రాయితీ ఉంది. ఆ రాయితీ మీ చేతికి వెంటనే రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది. రాయితీ ఎక్కువ వస్తుందని వ్యాపారాన్ని ఎంచుకున్నవారు నాకు తెలుసు; రాయితీ చేతికందే నాటికి షెడ్డుకు తాళం పడింది.

చివరిగా ఒక రక్షణ గురించి చెప్పి ముగిస్తాను. ఉత్పత్తి గానీ సేవ గానీ చేసే సూక్ష్మ, చిన్న సంస్థలు కేంద్ర ప్రభుత్వపు ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. దానికి రుసుము లేదు. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవరు పది కోట్లు మించని సంస్థ సూక్ష్మ సంస్థే, కనుక మీరు పెట్టబోయేవి దాదాపు అన్నీ అందులోకే వస్తాయి. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల 2006 చట్టం ప్రకారం ఇలాంటి సంస్థ దగ్గర సరుకు గానీ సేవ గానీ పొందినవారు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో చెల్లించాలి. ఫిర్యాదు వినడానికి ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. కొని అమ్మే వర్తకులకు ఈ రక్షణ వర్తించదు. బిల్లు మీద తేదీ, ఉద్యమ్ నంబరు వేయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

ఏదైనా వ్యాపారం ఆలోచన ఉన్నవారు భోజన విరామం తర్వాత ఒక తెల్లకాగితం మీద మూడు సంగతులు రాసుకుని నా దగ్గరకు రండి: మీ జీతం కలుపుకొని రోజుకు ఎంత అమ్మితే లాభనష్టాలు సమానమవుతాయి, ఎంత ఉద్దెర వరకు తట్టుకోగలరు, అప్పు పత్రం మీద ఎవరెవరి సంతకాలు ఉంటాయి. ఖాతా పుస్తకం సాయంత్రం వరకు ఈ బల్ల మీదే ఉంటుంది, తిప్పి చూడవచ్చు. పల్లి చెక్క వ్యాపారి పేజీకి గుర్తుగా దారం పెట్టాను. అందులో ఎడమ వైపు పదకొండు పద్దులు ఉన్నాయి, కుడి వైపు జమ ఒక్కటీ లేదు.